నల్లబల్ల మీద నాలుగు మెట్లు

వీధి మలుపు తిరగగానే డిటెక్టివ్‌కి పోలీసు జీపు కనిపించింది. ఆమె తమ్ముడు ముందే వచ్చేశాడు. చిన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర మొదలైన అలవాటు ఇన్‌స్పెక్టరయ్యాక కూడా వాడికి పోలేదు. ఆమె ఏ పళ్లెం ముందు కూర్చుంటే వాడి చెయ్యి ఆ పళ్లెంలోనే పడుతుంది.

ఈ కేసు మాత్రం ఆమెకు న్యాయంగా వచ్చింది. ఆ ఇంటి మేడ మీద ఒక లాటిన్ నిఘంటువు ఏళ్ల తరబడి తయారవుతోంది. దాన్ని తయారుచేస్తున్న మాస్టారు నిన్న మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చేసి, ఎంత కుదిపినా లేవకుండా పడి ఉన్నారు. ఎవరో ఆయన దగ్గుమందు సీసాలో నిద్రమాత్రలు నూరి కలిపారు. ఆయనకు చేతులు వణుకుతాయి. చెంచాలో మందు తనంతట తాను పోసుకోలేరు, దగ్గర ఎవరుంటే వాళ్లు పోసి పట్టాలి. అంటే ఆ మందు నోట్లో పోసిందెవరో ఆయన కళ్లారా చూశారు. ఆస్పత్రిలో ప్రాణంతోనే ఉన్నారు, సాయంత్రంలోగా తెలివి రావచ్చని డాక్టరు చెప్పాడు. తెలివొస్తే పేరు చెప్తారు. చెప్పకుండా పోతే బాగుండునని ఎవరో ఎక్కడో కూర్చుని కోరుకుంటూ ఉంటారు. ఆ మనిషెవరో సాయంత్రంలోగా తేలాలి.

తమ్ముడి దృష్టిలో అది అప్పుడే తేలిపోయింది. మాస్టారి దగ్గర పనిచేసే కుర్రపిల్లని, అందరూ చిన్న శిష్యురాలు అనే అమ్మాయిని, పొద్దున్నే తెచ్చి కింద ముందుగదిలో కూర్చోబెట్టాడు. డిటెక్టివ్‌ని పిలిచింది ఆ పిల్ల తల్లే.

తలుపు తీసింది మాస్టారి చెల్లెలు. పెళ్లీ గిళ్లీ లేకుండా అన్నగారి ఇల్లు కనిపెట్టుకుని ఉన్న మనిషి. శిష్యులకు అత్తయ్యగారు. కాఫీ తెచ్చి ఇచ్చింది. డిటెక్టివ్ కప్పు అందుకుంటూనే మావాడెక్కడ అని అడిగింది. మేడ మీద అని జవాబు వచ్చింది. రెండు గుక్కల్లో తాగేసి, కప్పు తిరిగి ఆ చేతిలోనే పెట్టేసి, మెట్లెక్కింది.

పైన పెద్ద గది. మూడు గోడల నిండా కార్డుల సొరుగులు, నాలుగో గోడకి ఒక నల్లబల్ల. ఇన్‌స్పెక్టర్ దాని ముందు చేతులు కట్టుకుని, తనే ఆ బల్లని కనిపెట్టినవాడిలా నిలబడి ఉన్నాడు. బల్ల మీద సుద్దముక్కతో పెద్దపెద్ద లాటిన్ అక్షరాల్లో నాలుగు మాటలు, ఒకదాని కింద ఒకటి. అన్నిటికంటే పైన నెగ్లెగెంటియా. దాని కింద కాంటెంప్టుస్. దాని కింద డెస్పెక్టుస్. అట్టడుగున ఫాస్టీడియుమ్. మాస్టారు పడిపోయి దొరికినప్పుడు ఇవి ఆయన తల వెనక ఉన్నాయి. అంతకుముందు, భోజనాలప్పుడు, బల్ల ఖాళీగా ఉంది.

"అర్థాలు కనుక్కున్నాను అక్కా," అన్నాడు. "పైది నిర్లక్ష్యం. తర్వాత తృణీకారం. తర్వాత చిన్నచూపు. ఆఖరుది ఈసడింపు. కథ మొత్తం బల్ల మీద రాసేసింది పిల్ల. మాస్టారు ముందు పట్టించుకోలేదు, తర్వాత పూచికపుల్లలా తీసిపారేశాడు, చివరికి ఛీకొట్టాడు. అందుకని మందు పోసేసింది."

మాస్టారు ఆ అమ్మాయిని రోజూ తిట్టేవారనీ, మొన్నటికి మొన్న వీధిలోకి వినిపించేలా తిట్టారనీ ఇరుగుపొరుగు చెప్పారట. మాస్టారి దగ్గరే పనిచేసే పెద్ద శిష్యుడు మూడింటికి అచ్చాఫీసుకు వెళ్లి నాలుగింటికి తిరిగొచ్చాడు. ఆ గంటసేపు మేడ మీద మాస్టారూ, ఆ పిల్లా తప్ప ఎవరూ లేరు. పిల్ల మాత్రం, తాను వెనకగదిలో కార్డులు సర్దుతూ తలుపు వేసుకున్నాననీ, ఈ గదిలోకి ఎవరొచ్చారో వెళ్లారో తెలియదనీ అంటోంది. ఆ మాట చెబుతూ ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఇంకో సంగతి కూడా చూపించాడు. పైమాట దాకా చెయ్యి అందక ఎవరో స్టూలు లాక్కుని ఎక్కారు. నేల మీద స్టూలు కాళ్లు గీసిన గీతలున్నాయి. పెద్ద శిష్యుడు ఆజానుబాహువు, అతనికి స్టూలెందుకు? రాసింది పొట్టిమనిషి. ఆ పిల్ల పొట్టి.

నిజం చెప్పాలంటే ఆ స్టూలు సంగతి బాగానే ఉంది. వాడి నోట్లోంచి వచ్చింది కాబట్టి డిటెక్టివ్‌కి అది రుచించలేదు. రాతబల్ల జరిపేటప్పుడు అడ్డొచ్చి లాగి ఉండొచ్చు, కిటికీ వెయ్యడానికి లాగి ఉండొచ్చు అని కొట్టిపారేసి, భూతద్దం తీసుకుని నల్లబల్ల దగ్గరికి పోయింది.

"కాలిపోయిన కార్లకి ఇన్సూరెన్సు లెక్కలేసేదానివి, నీకు లాటిన్ ఎందుకక్కా," అన్నాడు తమ్ముడు వెనకనుంచి.

"కార్లు అబద్ధం చెప్పవు. పోలీసులే చెప్తారు," అంది తలతిప్పకుండా.

అక్షరాలకి వేళ్లు తగలకుండా, దగ్గరగా చూసింది. అడుగున ఉన్న ఫాస్టీడియుమ్ గీతలు సన్నగా, పదునుగా ఉన్నాయి. కొత్త సుద్దముక్క అంచు గీసే గీత అది. పైకి వెళ్లేకొద్దీ గీత లావవుతూ పోయింది. పైనున్న నెగ్లెగెంటియా దగ్గరికి వచ్చేసరికి ముక్క పూర్తిగా అరిగి, వేలెడు మందాన గీసింది. ఇన్‌స్పెక్టర్ పైనుంచి కిందికి చదివాడు. రాసినవాళ్లు మాత్రం కిందినుంచి పైకి రాశారు. కింద నిలబడి మొదలుపెట్టి, చెయ్యి అందనప్పుడు స్టూలు లాక్కుని మరీ పైకి ఎక్కి రాశారు. కోపంతో తిట్లు రాసేవాళ్లెవరైనా అడుగునుంచి మొదలుపెడతారా?

ఈ ముక్క తమ్ముడికి చెప్పకుండానే కిందికి దిగిపోయింది. చెప్తే పళ్లెంలో చెయ్యి పడుతుంది.

చిన్న శిష్యురాలు ముందుగదిలో ఆడ కానిస్టేబుల్ పక్కన, కళ్లు వాచిపోయి కూర్చుని ఉంది. నిద్రపోలేదని చూడగానే తెలుస్తోంది. మాస్టారు ఎలా ఉన్నారని ముందు తనే అడిగింది. తర్వాత డిటెక్టివ్ అడిగిన ప్రతిదానికీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

మాటల్ని కిందినుంచి పైకి రాయడం ఆ ఇంటి పద్ధతట. దానికి మెట్లని పేరు. దగ్గరదగ్గర అర్థాల మాటల్ని అచ్చులో అక్షరక్రమంలో వేస్తారు గానీ, అంతకుముందు బల్ల మీద బరువునిబట్టి కట్టాలి. అడుగు మెట్టున అన్నిటికంటే తేలిక మాట, పై మెట్టున అన్నిటికంటే బరువైనది. ఎవరి మెట్లు వాళ్లు రాసి, దానికింద కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మిగతావాళ్లు దుమ్మెత్తిపోస్తారు. తట్టుకుని నిలబెట్టుకున్నవాళ్ల మెట్ల ప్రకారమే మాస్టారు అర్థాలు రాస్తారు. ఈ నెల్లాళ్లుగా అమర్యాద మాటల మీద, అలక్ష్యం మాటల మీద ఇంట్లో యుద్ధం జరుగుతోంది.

"బల్లమీదున్నవి నీ మెట్లేనా?"

"కాదండీ. నాకు తృణీకారం పైన, నిర్లక్ష్యం అట్టడుగున. మాస్టారిది కూడా అంతే. నిర్లక్ష్యం అంటే మనిషిని చూసుకోకపోవడం, అంతే కదా. తృణీకారం అంటే చూసి, తూచి, నువ్వు దేనికీ పనికిరావని పక్కన పడెయ్యడం. అదే కదండీ బరువు."

పెద్ద శిష్యుడి మెట్లు ఎలా ఉంటాయని అడిగితే, అతను ఈసడింపుని పైన పెట్టాడని చెప్పింది. కిందటి వారం వాదనలో ఓడిపోయాడట. బల్లమీదున్న మెట్లు ఎవరివో తనకి తెలియదంది. అంత తెలివితక్కువగా నిర్లక్ష్యాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లెవరని, అంత ఏడుపులోనూ కాస్త ఈసడించుకుంది.

మాస్టారు నిన్ను అన్ని తిట్లు తిడుతుంటే ఒళ్లు మండదా అని డిటెక్టివ్ అడిగింది. మండుతుందంది పిల్ల. తర్వాత కళ్లు తుడుచుకుని, "తిట్టని రోజు భయం వేస్తుందండీ," అంది. "ఆయన తనకి ఆశ ఉన్నవాళ్లనే తిడతారు. మిగతావాళ్లని ఏమీ అనరు."

డిటెక్టివ్‌కి తన ఇల్లు గుర్తొచ్చింది. వాళ్లింట్లో తమ్ముడు లెక్కల్లో తప్పిన సంవత్సరం నాన్న మూడురోజులు ఇల్లు పీకి పందిరేశాడు. నీ బతుకేమవుతుందిరా అని వాణ్ణి తిట్టాడు, తల కొట్టుకున్నాడు, చివరికి పక్కన కూర్చుని తనే లెక్కలు చెప్పాడు. అదే సంవత్సరం ఆమె క్లాసులో మొదటి మార్కు తెచ్చుకుంది. నాన్న మార్కుల కాగితం మీద చదవకుండా సంతకం పెట్టి, వేడి నీళ్లు పెట్టమన్నాడు. వాడు తిట్లు తింటుంటే ఆమె తలుపుచాటున నిలబడి వింది. ఆ తిట్లమీద ఎంత అసూయ పడిందో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు. తిట్ల మీద అసూయపడేవాళ్లుంటారా?

ఉంటారు. అది తెలిసినవాళ్లెవరో ఆ మేడ మీద నిర్లక్ష్యాన్ని పై మెట్టున పెట్టారు. తిట్లు తినేవాళ్లకి తృణీకారమే పెద్ద దెబ్బ. ఎవరూ తిట్టను కూడా తిట్టనివాళ్లకి తెలుస్తుంది, అంతకంటే పెద్దది ఇంకోటుందని. ఈ లెక్క తమ్ముడికి ఏడు జన్మలెత్తినా రాదు. వాడికి తిట్లు తినడమే తెలుసు.

మెట్ల మధ్యలో తమ్ముడు ఎదురొచ్చి, పిల్లని స్టేషన్‌కి తీసుకుపోతున్నానని చెప్పాడు. మాస్టారికి తెలివొచ్చేలోగానే కేసు తేల్చేసి, పై అధికారుల చేత శభాష్ అనిపించుకోవాలని వాడి ముఖంలోనే రాసి ఉంది. అరగంట ఆగమని డిటెక్టివ్ అంది. ఎందుకాగాలన్నాడు. పట్టుకోవాల్సింది తిట్లు తిన్న మనిషిని కాదు, తిట్లు కూడా దక్కని మనిషిని అని చెప్పింది.

"నాన్న నన్నే కొట్టాడక్కా. నిన్ను ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. నీకేం తక్కువైంది?"

"అదే తక్కువైంది," అని పైకెక్కేసింది. వాడికి అర్థమై ఉండదు. కానీ అరగంట ఆగాడు.

వెనకగదిలో పెద్ద శిష్యుడు సొరుగులు తుడుస్తున్నాడు. గుమ్మంలో తల వంచితే గానీ పట్టని మనిషి. పద్దెనిమిదేళ్లుగా మాస్టారి దగ్గరే ఉన్నాడు. ఆ పిల్ల వచ్చి రెండేళ్లే అయింది. మొన్న భోజనాల దగ్గర మాస్టారు తన తర్వాత ఈ నిఘంటువు కుర్చీ ఆ పిల్లదేనని అందరి ముందూ చెప్పేశారట. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఓర్వలేనితనం ఎంత అణుచుకున్నా దాగేది కాదు. డిటెక్టివ్ అదే అదనుగా, మాస్టారు మిమ్మల్ని ఆఖరిసారి ఎప్పుడు తిట్టారని అడిగింది.

"నన్ను తిట్టి తొమ్మిదేళ్లయిందండీ," అన్నాడు. "బల్లమీద తప్పు రాసినా చెరిపేసి పోతారు. ఆ పిల్ల తప్పు రాస్తే గంటసేపు నిలబెట్టి తిడతారు. వెనకగదిలో నేను వింటూ కూర్చుంటాను."

దొరికాడనుకుంది. నిర్లక్ష్యాన్ని పై మెట్టెక్కించింది మీరే కదా అని ముఖం మీదే అడిగేసింది. అతను భయపడలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. తనది ఈసడింపు మెట్టని, దానికోసం వారం రోజులు పోట్లాడి ఓడిపోయానని, పిల్లని అడిగితే చెప్తుందని అన్నాడు. పిల్ల అప్పటికే చెప్పింది. అయినా డిటెక్టివ్ వదల్లేదు. పట్టుబడకుండా ఉండడానికి వేరేవాళ్ల మెట్లు రాసి ఉండొచ్చు కదా అంది. అప్పుడు మాత్రం అతను నిజంగా నొచ్చుకున్నాడు.

"మనిషినైనా చంపుతానేమో గానీ తప్పు మెట్లు రాయలేనండీ. ఈ ఇంట్లో నేర్చుకున్నవాళ్ల చెయ్యి అలా పోదు. నాలుగు మాటలు పక్కపక్కన పడితే చెయ్యి తూకం వేసేస్తుంది. తనకి ఏది బరువో అదే పైకి పోతుంది."

ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలిసిపోయింది. అంటే రాసినవాళ్ల చెయ్యి కూడా అలాగే తూకం వేసింది. పిల్ల తిట్లు తింటుందని లోకానికి తెలుసు కాబట్టి, నేరం ఆమె మీదికి పోవాలని నాలుగు అవమానం మాటలు రాయబోయారు. ఎలాగోలా గిలికేసి పోతే సరిపోయేది. చెయ్యి ఊరుకోలేదు. అలవాటు కొద్దీ అడుగునుంచి మొదలుపెట్టి, తమ గుండెల్లో ఉన్న బరువు ప్రకారమే పేర్చుకుంటూ పోయి, స్టూలెక్కి మరీ సొంత మెట్లు కట్టేశారు.

మెట్లు కట్టడం ఇంకెవరికి తెలుసని అడిగింది. ఎవరికీ తెలియదన్నాడు. మాస్టారికి, తనకి, ఆ పిల్లకి. అంతేనన్నాడు. సొరుగు ఒకటి మూశాడు, ఇంకోటి లాగాడు. మాస్టారు పాఠం చెప్పేటప్పుడు ఎలా చెప్పేవారని ఊరికే అడిగినట్టు అడిగింది డిటెక్టివ్.

"ఆయనకి పాఠం చెప్పే ఓపికెక్కడిదండీ? కొత్తగా వచ్చినవాళ్లు ముందు అత్తయ్యగారి దగ్గర ఆరునెలలు కూర్చోవాలి. అన్నాచెల్లెళ్లిద్దరూ వాళ్ల నాన్నగారి దగ్గర కలిసే నేర్చుకున్నారు. మెట్ల పద్ధతి అసలు ఆవిడదేనంటారు. నాకూ ఆ పిల్లకీ మెట్లు నేర్పింది ఆవిడే."

"మరి ఎవరికీ తెలియదన్నారు?"

నిజంగానే ఆవిడ జ్ఞాపకం రాలేదని అతని ముఖంలో కనిపిస్తోంది.

"ఆవిడ మెట్లు ఎప్పుడైనా బల్లమీద రాశారా?"

"ఆవిడ్నెవరు అడుగుతారండీ," అన్నాడు మెల్లగా.

కుర్చీ పిల్లదని మాస్టారు చెప్పినప్పుడు ఆవిడ అక్కడ ఉందా అని అడిగితే, ఉండే ఉంటారని, అన్నం వడ్డించింది ఆవిడే కదా అని చెప్పాడు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. అన్నతోపాటు చదువుకుని, అన్న శిష్యుల్ని తయారుచేసి, ఆ శిష్యుల్లో ఒకరికి అన్న కుర్చీ ఇచ్చేస్తుంటే చేతిలో గరిటెతో నిలబడి ఉన్న మనిషి. తిట్టలేదు, పొగడలేదు, వద్దని కూడా అనలేదు. అసలు ఆ ప్రస్తావనే రాలేదు. డిటెక్టివ్‌కి ఆవిడ మీద కోపం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. తలుపుచాటున నిలబడి తిట్లు విన్న పిల్ల ఒక్కర్తే కాదన్నమాట ఈ లోకంలో.

మెట్లు రెండేసి చొప్పున దిగింది. తమ్ముడు గుమ్మంలో గడియారం చూసుకుంటున్నాడు.

"నువ్వన్నదే నిజం," అంది. ఆ మాట అనడానికి గొంతులో ముల్లు దిగినంత పనైంది. "రాసింది పొట్టిమనిషే. స్టూలు అందుకే లాగారు. కానీ ఆ పిల్ల కాదు. మాస్టారి చెల్లెలు ఏదీ?"

"ఆవిడెందుకు?"

"నిన్న మూడుకీ నాలుగుకీ మధ్య ఎక్కడుందో అడిగావా?"

ఇన్‌స్పెక్టర్ అడగలేదు. అక్క అడిగిందేమో అన్నట్టు చూశాడు. అక్కా అడగలేదు. పొద్దుట్నుంచీ ఈ ఇంట్లో తిరుగుతున్న ఇద్దరు పరిశోధకుల్లో ఒక్కరికి కూడా ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగాలని తోచలేదు. ఆవిడ తలుపు తీసింది, కాఫీ ఇచ్చింది, తాళంచెవులిచ్చింది. అన్నిటికీ చెయ్యి చాపి తీసుకున్నారు.

"ఆస్పత్రికి పంపించాను," అన్నాడు తమ్ముడు. "అన్నయ్య దగ్గర కూర్చుంటానంది. నా జీపులోనే పంపించాను. గది దగ్గరున్న కానిస్టేబుల్‌ని ఇక్కడికి రప్పించేశాను. తోడబుట్టినది ఉండగా కాపలా ఎందుకనుకున్నానక్కా."

డిటెక్టివ్ అప్పటికే ఫోను అందుకుంది. ఆస్పత్రి వాళ్లు ఎత్తేదాకా ఒక యుగం గడిచినట్టయింది. ఎత్తింది నర్సు. తాను ఇప్పుడే డ్యూటీకి వచ్చానని, మాస్టారికి తెలివొస్తోందని, దాహమని అడిగారని సంతోషంగా చెప్పింది. బంధువులావిడ ఒకరు గ్లూకోజు నీళ్లు కలిపి తెస్తానని బయటికి వెళ్లారట.

"ఆవిడ చేతి నీళ్లు ఆయనకి తాగించకండి. ఆవిడ్ని ఆ గదిలోకి అడుగు పెట్టనివ్వకండి."

నర్సు కంగారుపడి, అలాగే ఆపుతానంది. కానీ ఇది చూడ్డానికి వచ్చేవాళ్ల వేళ, వరండా నిండా ఆడవాళ్లే ఉన్నారు, తాను వెనకనుంచి మాత్రమే చూసింది, అంతమందిలో ఎవర్ని ఆపాలి? ఆవిడ ఎలా ఉంటారో చెప్పమంది.

డిటెక్టివ్ నోరు తెరిచింది. పొట్టిగా ఉంటుందని చెప్పబోయింది. అది స్టూలు చెప్పిన సంగతి, తను చూసింది కాదు. తెల్ల జుట్టా, నల్ల జుట్టా? కళ్లజోడుందా? ఏ రంగు బట్టలు కట్టుకుంది? కాఫీ బాగుందని జ్ఞాపకం ఉంది. కప్పుకి ఆకుపచ్చ అంచుందని జ్ఞాపకం ఉంది. కప్పు పట్టుకున్న చెయ్యి దాటి పైకి ఆమె కళ్లు పోలేదు.

తమ్ముడి వైపు తిరిగింది. జీపు తలుపు తీసి ఆవిడ్ని ఎక్కించినవాడు వాడే. వాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని, గుర్తు తెచ్చుకోవడానికి కళ్లు మూసుకున్నాడు. మూసుకుని, తల అడ్డంగా ఊపాడు.

"చెప్పండి మేడమ్, ఎలా ఉంటారావిడ?" అని నర్సు మళ్లీ అడిగింది.